హాస్టల్ గది సర్దిన రెండు రోజులకే చెదిరిపోతోందా?

ఆదివారం సగం రోజు పెట్టి గది సర్దుతారు, బుధవారానికల్లా మళ్లీ మొదటికొస్తుంది. చోటు చాలడం లేదనుకుని ఇంకో ప్లాస్టిక్ ర్యాక్ కొంటారు. ముగ్గురుండే గదిలో దాంతో నడిచే దారి కూడా పోతుంది. కొనేముందు దయచేసి ఒక్క పని చేయండి: కబోర్డు తీసి, కళ్లకు ఎదురుగా ఉన్న అరలో ఏముందో చూడండి.

చాలా గదుల్లో ఆ అరలో పోయిన సెమిస్టర్ రికార్డులు, చలికాలానికని తెచ్చిన స్వెట్టర్, పెళ్లిళ్లకు వేసుకునే బట్టలు ఉంటాయి. రోజూ కావాల్సినవి బయట పడి ఉంటాయి. మంచం కింద సూట్‌కేసేమో ఖాళీ! రోజూ అక్కర్లేనివన్నీ అందులోకి పంపండి. ఇది చేయకుండా కింద రాసింది చదివి లాభం లేదు.

కుర్చీ మీద బట్టల గుట్ట తగ్గడం లేదు

దీన్ని అందరూ బద్ధకం అంటారు. కాదు. అసలు కారణం ఒకసారి వేసుకుని విడిచిన బట్టలు. నిన్న వేసుకున్న జీన్స్ ఇంకో రెండు రోజులు వేసుకోవచ్చు, కాబట్టి నానబెట్టే బకెట్‌లో వేయరు. విడిచిన బట్ట ఉతికినవాటితో కలపకూడదని ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పారు, కాబట్టి కబోర్డులో పెట్టరు. గదిలో దానికంటూ చోటే లేదు. అందుకే కుర్చీ మీదికి చేరుతుంది. చదువుకోవడానికి కూర్చోవాలంటే గుట్ట మంచం మీదికి, పడుకోవాలంటే మళ్లీ కుర్చీ మీదికి.

అక్కడితో ఆగదు. దండెం మీంచి తెచ్చిన ఉతికిన బట్టలు కూడా అదే గుట్ట మీద పడతాయి. ఏది ఉతికిందో తెలియక చివరికి అన్నీ కలిపి కబోర్డులో కుక్కుతారు. చెమట తడి ఆరని బట్ట ఒక్కటి చాలు, వానాకాలంలో కబోర్డంతా ముక్క వాసన కొడుతుంది. అప్పుడు కలరా ఉండలు వేస్తారు. వాటి ఘాటు ముక్క వాసనను కప్పుతుందంతే, తడి ఎక్కడికీ పోదు.

విడిచిన బట్టలకు గాలి తగిలేచోట, మనిషికి నాలుగు కొక్కేల చొప్పున పెట్టుకోండి. ఒక్కో కొక్కేనికి ఒక్కటే బట్ట. నాలుగూ నిండాక ఐదోది వస్తే, ఒకటి బకెట్‌లోకి వెళ్లాల్సిందే. నా దృష్టిలో ఈ లెక్కే అసలు మందు. పది కొక్కేలు పెట్టుకున్నవాళ్ల గుట్ట కుర్చీ మీంచి గోడ మీదికి మారింది తప్ప తగ్గలేదు. లోదుస్తులు, సాక్సులు మాత్రం ఈ కొక్కేల దాకా రాకూడదు, విడిచిన రోజే బకెట్‌లోకి పోవాలి.

హాస్టల్లో మేకులు కొట్టనివ్వరు. అంటించే కొక్కేలు సున్నం గోడ మీద నిలవవు, పొడితో సహా ఊడొస్తాయి. ఇనుప కబోర్డు పక్క భాగాన్ని తుడిచి, పూర్తిగా ఆరాక అక్కడ అంటించండి. లేదంటే కిటికీ చువ్వలకు ఎస్ ఆకారపు కొక్కేలు తగిలించండి, గాలి కూడా బాగా తగులుతుంది. జల్లు కొట్టే రోజుల్లో మాత్రం లోపలికి తీసేయండి. కబోర్డు తలుపు లోపలివైపు అసలు వద్దు, వాసన మళ్లీ అక్కడే మొదలవుతుంది.

పొద్దున్నే ఐడీ కార్డు దొరకదు

గది తాళంచెవి ఎక్కడ పెడతారో కార్డూ అక్కడే తగిలించండి. హాల్ టికెట్, ఫీజు రసీదులు ఒకే ఫైల్లో సూట్‌కేసు పైభాగాన ఉంచండి.

చీమలు

డబ్బా మూత చూస్తారు, అడుగు చూడరు. పచ్చడి సీసా అడుగున కారిన నూనె, జంతికల డబ్బా కింద రాలిన పొడి తుడవండి. ఇంకా వస్తుంటే నీళ్లు పోసిన పళ్లెంలో డబ్బాలు పెట్టండి.

ఇవన్నీ చేసినా వాసన పోలేదు

తడి తువ్వాలు మంచం కమ్మీ మీద ఆరేస్తున్నారేమో చూడండి. అదీ కాకపోతే కబోర్డు వెనక గోడ చెమ్మగా ఉండొచ్చు. కబోర్డును గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపి వార్డెన్‌కి చెప్పండి. నల్లులు, ఎలుకలు అయితే సర్దితే పోయేవి కావు, అవీ వార్డెన్‌కే చెప్పాలి.