సెయింట్ పాట్రిక్స్ డేకి ఇంట్లో సోడా బ్రెడ్, కాల్‌కానన్, ఐరిష్ కాఫీ ఎలా చేయాలి?

ఐర్లండ్ వాళ్ల పండుగ సెయింట్ పాట్రిక్స్ డే మార్చి 17న వస్తుంది. ఆ రోజు అనగానే పచ్చరంగు కలిపిన బీరు, కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం) గుర్తొస్తే, అవి అమెరికా వెళ్లి స్థిరపడిన ఐరిష్ వాళ్ల అలవాట్లు. ఐర్లండ్ ఇళ్లలో పాత పద్ధతి ఉడికించిన బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం), క్యాబేజీ, బంగాళాదుంపలే. నేను చేసేది ఇంకా సులువు, మాంసం జోలికి పోను.

ముందు బ్రెడ్. పిండి తడిపాక ఆగడానికి లేదు కాబట్టి ఓవెన్ ముందే 220 డిగ్రీలకు పెట్టేయండి. 450 గ్రాముల మైదా, ఒక్కో టీస్పూన్ వంటసోడా, ఉప్పు కలిపి జల్లించండి. మజ్జిగ 350 మిల్లీలీటర్లు కావాలి, అయితే మనం అన్నంలో పోసుకునే పల్చటిది పనికిరాదు, పుల్లటి పెరుగులో కాసిని నీళ్లు పోసి చిలికింది కావాలి. ఆ పులుపు సోడాకి తగిలితేనే గ్యాస్ పుట్టి పిండి పొంగుతుంది, ఈస్ట్‌తో పనే లేదు. ఐర్లండ్ గోధుమలో పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ తక్కువ, ఈస్ట్ వేసినా అంతగా పొంగదు, అందుకే 19వ శతాబ్దంలో సోడా చేతికి రాగానే అక్కడ ఇంటింటా ఈ రొట్టె పాతుకుపోయింది.

మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, వేళ్లు విడదీసి గుండ్రంగా తిప్పుతూ కలపండి. ముద్ద అయిందా, వదిలేయండి! మొదటిసారి నేను చపాతీ పిండిలా పది నిమిషాలు మర్దించాను, వచ్చింది ఇటుక. కాస్త జిగురుగా ఉన్నా పర్లేదు, పొడిపిండి చల్లి గుండ్రంగా సర్ది, పైన కత్తితో లోతుగా శిలువ గుర్తు గీయండి, లేదంటే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. ఓవెన్లో పెట్టి, 15 నిమిషాలయ్యాక 200కి తగ్గించి ఇంకో 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. తిరగేసి అడుగున వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగాలి. పైపెంకు మెత్తగా కావాలంటే బట్టలో చుట్టి ఉంచండి.

అది ఓవెన్లో ఉండగానే కాల్‌కానన్, అంటే క్యాబేజీ కలిపిన బంగాళాదుంప ముద్ద, అయిపోతుంది. (నిజానికి ఇది హాలోవీన్ వంటకం, అయినా ఈ రోజూ చేసుకుంటారు.) కిలో బంగాళాదుంపలు ఉడికించి మెదపండి. 150 మిల్లీలీటర్ల పాలలో ఉల్లికాడలు వేసి వేడిచేసి పోయండి, వెన్నలో మగ్గించిన క్యాబేజీ తురుము, ఉప్పు, మిరియాలపొడి కలపండి. పళ్లెంలో పెట్టి మధ్యలో గుంట చేసి వెన్న వేయండి, కరిగిన వెన్నలో అద్దుకుంటూ తినాలి. వెన్న దగ్గర పిసినారితనం వద్దు.

ఐరిష్ కాఫీ 1940ల్లో ఐర్లండ్‌లోని ఫోయిన్స్‌లో పుట్టింది. సముద్ర విమానాలు దిగే ఊరు అది, చలికి వణుకుతున్న ప్రయాణికులకు జో షెరిడన్ అనే చెఫ్ చేసిచ్చాడంటారు. వేడినీళ్లతో కడిగిన గ్లాసులో రెండు టీస్పూన్ల బ్రౌన్ షుగర్, 35 మిల్లీలీటర్ల ఐరిష్ విస్కీ, చిక్కటి డికాక్షన్ పోసి బాగా తిప్పండి. పంచదార మానేయకండి, అది లేకపోతే మీగడ మునిగిపోతుంది. చల్లటి క్రీమ్‌ని జారుగా ఉండేలా కొద్దిగా గిలక్కొట్టి, స్పూను వీపు మీదుగా మెల్లగా పోయండి. ఇక కలపొద్దు, ఆ చల్లటి మీగడ కిందనుంచే వేడి కాఫీ నోట్లోకి రావాలి.