విత్తనం వల్ల మిర్చి పంట దెబ్బతిందా? వినియోగదారుల కమిషన్‌కు దరఖాస్తు విధానం

కాపు రాలేదని దుకాణంలో అడిగితే గుంటూరు చుట్టుపక్కల రైతుకు దొరికే జవాబు ఒక్కటే: వాతావరణం బాగాలేదు, విత్తనం ఏం చేస్తుంది? రైతు వ్యవసాయ శాఖకు అర్జీ పెడతాడు, సోమవారం కలెక్టరేట్‌లో మరొకటి ఇస్తాడు, రసీదు దాచుకొని ఎదురుచూస్తాడు. ఈలోగా చేను దున్ని మరో పంట వేస్తాడు. తరువాత ఎవరో చెబితే వినియోగదారుల కమిషన్‌కు వస్తాడు. అప్పటికి చూపించడానికి చేనే ఉండదు. ఇలా ఉత్త చేతులతో వెనుదిరిగే వారిని చూశాక ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సందేహం తీరాలి. పంట అమ్ముకునే రైతు వినియోగదారుడు ఎలా అవుతాడని కంపెనీలు చాలాకాలం వాదించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడిన జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఆ వాదనను తోసిపుచ్చింది. విత్తన చట్టం వేరుగా ఉన్నా, నష్టపోయిన రైతు పరిహారం కోసం వినియోగదారుల చట్టం కిందికి రావచ్చని తేల్చింది. విత్తన చట్టం, విత్తన నియంత్రణ ఉత్తర్వుల కింద అధికారులు దుకాణం లైసెన్సు రద్దు చేయవచ్చు, కేసు పెట్టవచ్చు. దానివల్ల మీ చేతికి రూపాయి రాదు. 1986లో వచ్చిన వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జులై నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.

రుసుము గురించి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. రుసుము లెక్కకట్టేది మీరు కోరే పరిహారం మీద కాదు, విత్తనానికి చెల్లించిన ధర మీద. ఆ ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. పది లక్షల నష్టం కోరినా అంతే. న్యాయవాదిని పెట్టుకోవడం మీ ఇష్టం, మీరే స్వయంగా వాదించుకోవచ్చు. పరిహారంలో సగం ఇస్తే కేసు వేయిస్తామనే వారితో మీకు పని లేదు.

ఇక కాగితాలు. పట్నం బజారు నుంచి పల్లె దుకాణం దాకా చాలాచోట్ల చేతికి వచ్చేది తెల్ల చీటీ. దాని మీద "మిర్చి 12 ప్యా." అని, కింద ఒక మొత్తం. కొన్నవారి పేరు ఉండదు, రకం ఉండదు, ఏ విడత విత్తనమో చెప్పే లాట్ నంబరు ఉండదు. ఆ చీటీతో కేసు నిలబెట్టడం చాలా కష్టం. లైసెన్సు ఉన్న ప్రతి డీలరూ బిల్లు ఇచ్చి తీరాలని 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఖాళీ ప్యాకెట్లను నారుమడి గట్టున పారేయకుండా దాచండి. వాటిమీది లాట్ నంబరు, బిల్లులోని నంబరు ఒకటే కావాలి. నర్సరీ నుంచి నారు తెచ్చుకుంటే ఆ బిల్లులోనూ రకం, విత్తన కంపెనీ, లాట్ రాయించుకోండి. కౌలు రైతులు బిల్లు తమ పేరుతోనే తీసుకోవాలి, భూయజమాని పేరుతో కాదు. సాగు చేసింది మీరేనని చూపడానికి ఈ-పంట నమోదు, పంట సాగుదారు హక్కు పత్రం పనికివస్తాయి.

అసలు చిక్కంతా తరువాతి కాగితంలో ఉంది: చేను నిలబడి ఉండగా నిపుణులు చూసి రాసిన తనిఖీ నివేదిక. విత్తనంలో లోపం ఉందని నిరూపించాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుదే. విత్తనమంతా నాటేశాక ప్రయోగశాలకు పంపడానికి మిగిలేదేమీ ఉండదు. పరీక్ష కోసం కొంత విత్తనం దాచిపెట్టాలని రైతు నుంచి ఆశించడం సమంజసం కాదని ఆ 2012 తీర్పే చెప్పింది. అందువల్ల చేనే సాక్ష్యం. కేళీలు (వేరే రకం మొక్కలు) కనిపించగానే, లేదా పూత దశ దాటినా కాయ లేదని తేలగానే, రైతు సేవా కేంద్రం ద్వారా ఉద్యాన అధికారికి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి తనిఖీ కోరండి. మిర్చి ఉద్యాన పంట కనుక ఆ శాఖకే ఇవ్వాలి. శాస్త్రవేత్తలను కూడా పంపమని అర్జీలోనే అడగండి. తనిఖీ తేదీ తెలియగానే డీలరుకు, కంపెనీకి స్పీడ్ పోస్టులో తెలియజేయండి. మాకు చెప్పకుండా చూశారు అన్న అభ్యంతరం అక్కడితో పోతుంది.

నివేదికలో ఏముందో అక్కడే చదువుకోండి. "పంట దెబ్బతిన్నది" అని మాత్రమే ఉంటే అది మీకు అక్కరకు రాదు. ఎందుకు దెబ్బతిన్నదో ఉండాలి. నల్లతామర పురుగు, బొబ్బర తెగులు, వర్షం, ఎరువుల లోపం, వీటిలో ఏదైనా కారణమా కాదా అన్నది స్పష్టంగా రాయమని కోరండి, ఎందుకంటే కంపెనీ ముందుకు తెచ్చే వాదన అదే. ఎకరాకు ఎన్ని మొక్కలు వేరే రకానివి, సర్వే నంబరు, లాట్ నంబరు, పక్క చేలో మరో లాట్ పంట ఎలా ఉంది అన్నవి కూడా ఉంటే నివేదికకు బలం. చేతికి ప్రతి వచ్చేదాకా ఒక్క మొక్క పీకవద్దు. రెండో పంట ఆలస్యమవుతుందన్న ఆరాటం నిజమే. కనీసం ఒక మూల కొన్ని వరసలైనా వదలండి.

ఈ దశలోనే డీలరు మెత్తబడతాడు. కొత్త ప్యాకెట్లు ఇస్తాను, ఇక్కడ సంతకం పెట్టు అంటాడు. పూర్తిగా సమ్మతించి రాజీపడ్డానని ఆ కాగితంలో ఉంటే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. ప్యాకెట్లు తీసుకున్నా సరే, చదవకుండా సంతకం పెట్టకండి.

మిగిలినది తేలికే. డీలరు, కంపెనీ ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చూపి, జరిగింది తేదీల వారీగా రాసి, నోటరీ చేసిన ప్రమాణపత్రం జతచేయాలి. నష్టం లెక్కకు పెట్టుబడి బిల్లులు, గత ఏడాది మిర్చి యార్డులో అమ్మిన పట్టీలు పెట్టండి. ఎదుటి పక్షాలకు తలా ఒక ప్రతి, కమిషన్‌కు వేరుగా ప్రతులు కావాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా వేయవచ్చు. గడువు రెండేళ్లు. అర్జీలు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసిన ఫోన్లు ఆ గడువును ఆపవు.

నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజులకు మించి గడువు ఇవ్వరు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా, ఆచరణలో ఎక్కువే పడుతుంది. వాయిదాలకు తప్పక వెళ్లండి. మీకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలంటే కంపెనీ ముందుగా సగం మొత్తం జమచేయాలి. ఉత్తర్వును పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల రూపాయలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకు అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయాలి.