గది చూసేటప్పుడే గాలివాన గురించి అడగండి: ఎచ్చెర్ల, శ్రీకాకుళం విద్యార్థులకు జాగ్రత్తలు

ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో చేరి బయట గది వెతికేవాళ్లు అద్దె ఎంత, వైఫై ఉందా, ఆటో దొరుకుతుందా అని అడుగుతారు. గాలివానకు గది నిలుస్తుందా అని మాత్రం అడగరు. ఫైలిన్ (2013), హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుఫాన్లు మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26నే వచ్చేసింది. కాబట్టి కింద చెప్పినవన్నీ వినాయక చవితి నాటికి పూర్తి కావాలి.

మేడ మీద రేకుల గది చవగ్గా వస్తుంది. గాలి రేకును పైనుంచి నొక్కదు, అంచు కింద దూరి పైకి లేపుతుంది. అందుకే అంచు వరస హుక్కు బోల్టులు చూడండి. తుప్పు తిన్నా, వాషరు ఊడినా అక్కడి నుంచే రేకు లేస్తుంది. రేకుల మీద బరువుకని పెట్టిన ఇటుకలు, రాళ్లు ధైర్యానికే గానీ పనికిరావు. పెనుగాలికి అవే మనుషుల మీద పడతాయి. బోల్టులు మార్పించడానికి ఓనరు ఒప్పుకోకపోతే అద్దె కాస్త ఎక్కువైనా స్లాబు గదే తీసుకోండి. కిటికీ ఎదుట కొబ్బరి చెట్టుంటే దాని ఎత్తునూ, గోడకు అది ఉన్న దూరాన్నీ పోల్చి చూడండి.

కింది అంతస్తుకు వేరే చిక్కుంది. నాగావళి పుట్టేది ఒడిశాలోని కలహండి కొండల్లో. ఇక్కడ వాన వెలిసి ఎండ కాస్తున్నా, అక్కడ కురిసిన నీరు తర్వాత వస్తుంది. తోటపల్లి, మడ్డువలస జలాశయాల గేట్లు ఎత్తారన్న వార్త వింటే నది పక్క వీధుల్లో, గెడ్డల (వాగుల) పక్కన ఉన్నవాళ్లు సామాను పైకెత్తాలి. గది చూసేటప్పుడు గోడకు మోకాలెత్తు వరకే కొత్త రంగు ఉందంటే అనుమానించండి. ఓనర్ని కాదు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మెట్టు చూపించి మరీ చెబుతాడు.

కరెంటు మీటరు, మెయిన్ స్విచ్ పార్కింగులో నేలకు దగ్గరగా ఉంటే మంచిది కాదు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, దాని ‘టి’ బటన్ నొక్కండి. టక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు. పడకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిపించాల్సిందే.

పెద్ద తుఫాను తర్వాత అసలు కష్టం నీళ్లతోనే. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే ట్యాంకు ఒక్కరోజులో ఖాళీ. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. ముగ్గురున్న గదికి నాలుగు రోజులకు తాగడానికీ వంటకీ 20 లీటర్ల క్యాన్లు మూడు, వాడకానికి 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టుకోండి. మేడ మీది ట్యాంకు నిండుగా ఉంచమని ఓనరుకు ముందే చెప్పండి. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువు, కదలదు. ఖాళీది ఎగిరిపోతుంది. దగ్గర్లో చేతిపంపు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఇండక్షన్ స్టవ్ మీదే బతికేవాళ్లు అటుకులు, మరమరాలు, బెల్లం, బిస్కెట్లు కొనుక్కోవాలి. చిన్న సిలిండరులో గ్యాసు కొట్లో చాటుగా నింపించుకోవడం మాత్రం వద్దు, వాల్వు లీకయ్యేది అక్కడే.

వాతావరణ శాఖ తుఫాను అలర్టు తీరంలో గాలివాన మొదలవడానికి కనీసం 48 గంటల ముందు రావాలన్నది పద్ధతి. ఇంటికి వెళ్లేదీ మానేదీ ఆ పూటే తేల్చుకోండి. తర్వాత రైళ్లు రద్దవుతాయి, హైవే మీద చెట్లు పడతాయి. మీ ఊరు సోంపేట, కవిటి తీరంలో ఉంటే, గట్టి స్లాబు గదిలో ఉండటమే నయం కావచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోండి. సర్టిఫికెట్లు రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టండి, ఫొటోలు తీసి మెయిల్‌లో దాచండి. పవర్ బ్యాంకు నింపండి.

గాలి మొదలయ్యాక మెయిన్ ఆపేసి, సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, అద్దాల కిటికీకి దూరంగా లోపలి గోడ పక్కన ఉండండి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ కింది గాడిలోంచి నీళ్లు ఎలాగూ వస్తాయి, పాత దుప్పటి కుక్కండి. ఉన్నట్టుండి గాలి ఆగిందని సెల్ఫీకి మేడెక్కొద్దు. తుఫాను కన్ను దాటుతుంటే అలాగే ఉంటుంది, కాసేపటికి గాలి అవతలి దిక్కు నుంచి తిరగబడుతుంది.

తెల్లారాక తెగిపడిన తీగ జోలికి పోకుండా 1912కు ఫోన్ చేయండి. బూట్లు దులిపి వేసుకోండి, పాములు చేరతాయి. నీళ్లు మరిగించే తాగండి.

ఇక కాగితం సంగతి. 11 నెలల ఒప్పందంలో అడ్వాన్సు మొత్తం, మోటారు, రేకుల మరమ్మతు ఎవరిదో రాయించండి. వేరేగా రాసుకోకపోతే, తుఫాను వల్లో వరద వల్లో గది ఇక ఉండటానికి పనికిరాకుండా పోయినప్పుడు అద్దె ఒప్పందం వదులుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ మీకిస్తోంది. చేరిన రోజే గోడల చెమ్మ మరకలు, పగిలిన అద్దాలు ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. లేకపోతే ఖాళీ చేసేనాడు వాటిని మీ లెక్కలో వేసి అడ్వాన్సులో కోస్తారు.