ప్రభుత్వ బీమాతో కంటి పరీక్షకు వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల గుంపు, కంటికి తెర దించినట్టు నీడ కనిపిస్తే బీమా జాబితా వెతుకుతూ కూర్చోకండి. రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) ఊడుతూ ఉండొచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

"బీమా తీసుకుంటారా?" అని అడిగితే చాలదు. పథకం పేరు, డాక్టర్ పేరు, బ్రాంచి, తేదీ చెప్పి అడగండి. ఒకే క్లినిక్‌లో ఒక డాక్టర్ ప్యానెల్‌లో (బీమా ఒప్పుకున్న డాక్టర్ల జాబితాలో) ఉండి, పక్కగది డాక్టర్ లేకపోవచ్చు. అలాంటప్పుడు బిల్లంతా మీ నెత్తిన పడొచ్చు. జవాబిచ్చినవారి పేరు రాసుకోండి.

పరీక్షకు బీమా ఉన్నా అద్దాలకు ఉండకపోవచ్చు. ఫ్రేమ్, లెన్స్, కోటింగ్ విడివిడిగా అడగండి.

షుగర్ ఉంటే ముందే చెప్పండి. కొన్ని పథకాల్లో షుగర్ ఉన్నవారి కంటి పరీక్షకు బీమా లెక్క వేరు.

పాత కళ్లజోడు వెంట ఉంచుకోండి.

పరీక్షకు కంటిపాప పెద్దదయ్యేలా చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకే, బండి తీయకండి.