పాలు పోసిన కూర ఎక్కడ తేడా కొడుతుంది, అప్పుడేం చేయాలి

మా ఇంట్లో బీరకాయ పాలు పోసిన కూర జ్వరం వచ్చి తగ్గినవాళ్ళకి వండేవాళ్ళు. నాకు మాత్రం ఏ జ్వరమూ లేకపోయినా వేడన్నంలోకి అదొక్కటుంటే చాలు. పోపు పెట్టి, ముక్కలు మగ్గించి, ఆఖరున పాలు పోసి దించేయడమే. ఇరవై నిమిషాల పని. అయినా ఇది చెడినంత తేలిగ్గా ఇంకో కూర చెడదు. ఉల్లిపాయ, మసాలా, చింతపండు పడ్డ కూరలో చిన్నచిన్న పొరపాట్లు ఆ ఘాటులో కలిసిపోతాయి. ఇందులో దాక్కునే చోటే లేదు, అన్నీ తెల్లటి పాలలో కనబడిపోతాయి.

ముందు కొలత చెప్పేస్తాను. అరకిలో లేత బీరకాయలు, నాలుగైదు పచ్చిమిరపకాయలు, ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు, ఒక చిన్న చెంచా బియ్యప్పిండి. పోపుకి మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. చెక్కు తీసి తరిగిన ముక్కల్ని పోపులో వేసి, ఉప్పు చల్లి మూత పెడితే పది పన్నెండు నిమిషాల్లో తన నీళ్ళలోనే ఉడికిపోతుంది. ఆ నీరు ఇగిరాక మంట సిమ్‌లో పెట్టి, పిండి కలిపిన పాలు పోసి, రెండు మూడు నిమిషాలుంచి దించాలి. సొరకాయైనా పొట్లకాయైనా క్యాబేజీ అయినా వరస ఇదే, ఉడికే సమయం మాత్రం మారుతుంది.

పాలు విరిగి పలుకులు తేలాయి

అందరికీ ఎదురయ్యేది ఇదే, అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పాలలో మాంసకృత్తులు కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతుంటాయి. అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ ఉన్నంతసేపూ పాలు పాలలాగే ఉంటాయి. పులుపు తగిలితే ఆ నెట్టుకోవడం తగ్గి, అన్నీ ఒకచోట చేరి గడ్డకడతాయి. చల్లటి పాలు విరగాలంటే పులుపు బాగానే పడాలి. మరుగుతున్న పాలకి మాత్రం కొంచెం పులుపే చాలు. నిమ్మరసం పిండి పన్నీరు చేసేటప్పుడు మనం కావాలని చేసేది ఇదే. కాబట్టి కూర విరిగిందంటే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: పులుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

చాలాసార్లు పాలలోంచే వస్తుంది. పొద్దున తెచ్చిన ప్యాకెట్ మధ్యాహ్నం దాకా గట్టు మీదే ఉండిపోతే, వాసన బాగానే ఉన్నా లోపల పులుపు మొదలై ఉంటుంది. ఒకసారి ఇంటికి చుట్టాలొచ్చిన రోజున నేనిలాగే వాసన చూసి, బాగున్నాయనుకుని, కిలో సొరకాయ కూరలో ధైర్యంగా పోసేశాను. నిమిషం తిరక్కుండా మూకుడంతా పచ్చటి నీళ్ళు, తెల్లటి పలుకులు. అప్పట్నుంచి అనుమానం ఉంటే రెండు చెంచాల పాలు చిన్న గిన్నెలో పోసి మరిగించి చూస్తాను. విరిగితే ఆ రెండు చెంచాలే పోతాయి, కూర మిగులుతుంది.

పాలు మంచివే అయితే దొంగ ఇంకెక్కడో ఉన్నాడు. అరటికాయ ముక్కలు నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేస్తాం కదా, వాటిని కడగకుండా వండి పాలు పోస్తే విరగక ఏమవుతాయి? ఈ కూరకి మాత్రం ఉప్పునీళ్ళలో వేసుకోండి, లేదా మజ్జిగ నీళ్ళలోంచి తీశాక రెండుసార్లు కడగండి. పక్క పొయ్యి మీద పులుసు కలిపిన గరిటెతోనే దీన్నీ కలపడం మరో తప్పు. రంగు కోసమని ఒక టమాటా వేయడం ఇంకోటి. టమాటా కావాలంటే పాలు మానేయండి, రెండూ కావాలంటే కుదరదు. చల్లమిరపకాయలు ఈ కూరకి భలే జోడీ, కానీ అవి పెరుగులో ఊరినవి. కంచంలో నంజుకోండి, మూకుట్లో వేయకండి.

తర్వాత వేడి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు తీసినట్టే కుతకుత ఉడుకుతున్న కూరలో, పెద్ద మంట మీద పోస్తే మంచి పాలు కూడా ఒక్కోసారి నిలబడవు. పాలు గోరువెచ్చగా ఉండాలి, మంట తగ్గి ఉండాలి, పోశాక తెర్లనివ్వకూడదు. అంచుల దగ్గర చిన్న బుడగలు వస్తే చాలు.

ఉప్పు ముందు వేయాలా, దించాక వేయాలా అన్నది ఇంటింటికీ ఒక తగువు. ఉప్పు వల్లే పాలు విరుగుతాయని మా పెద్దమ్మ గట్టిగా అనేది. తాజా పాలలో చిటికెడు ఉప్పు వేసి కాచి చూడండి, ఏమీ కాదు. కాకపోతే పాలు కాస్త పాతబడి, పులుపు కొద్దిగా ఉన్నప్పుడు ఉప్పు కూడా దానికి తోడవుతుంది. నేను ముక్కలు మగ్గేటప్పుడే వేస్తాను. అప్పుడైతే ముక్కకి ఉప్పు పడుతుంది, నీరూ త్వరగా వదులుతుంది. పాల మీద నమ్మకం లేని రోజున దించాక వేసుకోండి, తప్పు లేదు.

బియ్యప్పిండి చిక్కదనానికే అనుకుంటారు గానీ, అది విరగకుండానూ కాస్త కాపాడుతుంది. ఉడికిన గంజి ఆ చిన్న ఉండల మధ్య అడ్డుపడి, అవి త్వరగా అంటుకోకుండా చూస్తుంది. పిండి మానేసి వండేవాళ్ళు మంట విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సరే, విరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి? విరిగిన పాలు మళ్ళీ పాలు కావు, ఇంకొన్ని పాలు పోస్తే అవీ విరుగుతాయి. కాబట్టి దారి మార్చుకోండి. మంట పెంచి నీరంతా ఇగరగొట్టి, రెండు చెంచాల పచ్చికొబ్బరి కోరు, వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా చల్లి పొడికూరలా చేసేయండి. విరుగు కొబ్బరిలో కలిసిపోతుంది. పులుపు తగిలి విరిగిన మంచి పాలైతే తినడానికి ఏ ఇబ్బందీ లేదు. పాలే చెడి దుర్వాసన వస్తుంటే మాత్రం మొహమాటపడకుండా పారేయండి.

కూర నీళ్ళునీళ్ళుగా ఉంది

బీరకాయ, సొరకాయ వందకి తొంభై పాళ్ళు పైనే నీళ్ళు. అవి చాలవన్నట్టు మనం ఇంకో గ్లాసు పోస్తాం. పోయొద్దు. మూత మీద పేరుకున్న ఆవిరి నీళ్ళు కూడా మళ్ళీ మూకుట్లోనే పడతాయి, అందుకని ముక్క మెత్తబడగానే మూత తీసేసి నీరు ఇగరనివ్వాలి. గరిటెతో ముక్కల్ని పక్కకి జరిపి చూడండి. అడుగున నీరు పారకపోతే అప్పుడు పాలకి వేళ అయినట్టు.

పాలు పోసేశాక చూసుకుంటే మంట పెంచకండి, ఆ తొందరలోనే విరుగుతుంది. ఇంకో అర చెంచా బియ్యప్పిండిని రెండు చెంచాల చల్లటి పాలలో కలిపి, సన్నగా పోస్తూ తిప్పండి. చెంచా పచ్చికొబ్బరి ముద్దయినా సరిపోతుంది. పాలలో తేడా కూడా ఉంటుంది. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. డబుల్ టోన్డ్ పాలు పోసి కమ్మగా లేదంటే ఆ తప్పు వండినవాళ్ళది కాదు. అలాంటప్పుడు దించాక చెంచా మీగడ కలపండి.

పిండి ఉండలు కట్టింది

పొడిపిండి నేరుగా వేడి కూరలో చల్లారు. పైపొర వెంటనే ఉడికి బిగుసుకుపోతుంది, లోపల పిండి పిండిగానే ఉండిపోతుంది. ఎప్పుడూ ముందు రెండు చెంచాల చల్లటి పాలలో కలుపుకుని, దాన్ని మిగతా గోరువెచ్చటి పాలతో కలిపి పోయాలి. కట్టిన ఉండల్ని గరిటె వెనకతో మూకుడు అంచుకి అదిమితే కొన్ని కరుగుతాయి, మిగతావి ఏరేయడమే. ఉండల్లేకుండా పచ్చిపిండి వాసన వస్తుంటే ఇంకో రెండు నిమిషాలు సిమ్‌లో ఉంచితే పోతుంది.

అడుగంటింది

పలచటి గిన్నె, పెద్ద మంట, ఫోను. మూడోదాని గురించి నేను ఎవరికీ నీతులు చెప్పలేను. పిండి కలిపిన పాలు ముందు అడుగుకే చేరతాయి, కాబట్టి ఆ రెండు మూడు నిమిషాలు స్టవ్ దగ్గరే ఉండి అడుగు నుంచి కలుపుతుండాలి. అంటిన వాసన రాగానే గరిటెతో గోకకండి, గోకితే ఆ వాసన కూరంతా పాకుతుంది. పైనున్నదాన్ని అలాగే వేరే గిన్నెలోకి వంచేసి, కొత్తగా నేతిలో ఇంగువ పోపు పెట్టండి. కొంచెం అంటిందయితే ఇంగువ కప్పేస్తుంది.

చేదుగా ఉంది

ఇది ఒక్కటి బాగుచేయకండి. బీర, సొర, పొట్ల జాతి కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పేరుకుంటుంది. ఉడికించినా అది పోదు, బెల్లం వేస్తే రుచి మరుగున పడుతుందే తప్ప విషం తగ్గదు. చేదు సొరకాయ రసం తాగి వాంతులతో, రక్తం పడి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు, ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ దీన్ని పరిశీలించి, చేదుగా ఉన్న రసం తాగొద్దని చెప్పింది. ఆ నివేదిక 2012లో అచ్చయింది. కాబట్టి తరిగేటప్పుడే ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క కొరికి చూసి ఉమ్మేయండి. చేదైతే ఆ కాయ చెత్తబుట్టలోకే. వండాక తెలిస్తే కూర మొత్తం పారబోయండి. కాకరకాయ చేదు వేరే సంగతి, దాన్ని చూసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

చప్పగా ఉంది

పాలు కారాన్ని తగ్గిస్తాయి. నోరు మండితే పాలు తాగమనేది అందుకే. మామూలు కూరకి మూడు మిరపకాయలు వేసేవాళ్ళు దీనికి ఐదు వేయాలి, అవీ నిలువుగా చీల్చి పోపులోనే వేగాలి. ఎండుకారం మాత్రం వద్దు, కూర గులాబీ రంగుకి తిరుగుతుంది. అయిపోయాక చప్పగా అనిపిస్తే గరిటెలో నెయ్యి కాచి, రెండు ఎండుమిర్చి తుంచి, జీలకర్ర, ఇంగువ వేసి పైన పోయండి. ముదురు బీరకాయైతే ఏం చేసినా రుచి రాదు, పీచు నోటికి తగులుతుంది. కొనేటప్పుడే లేతది చూసుకోవాలి. ఆ తీసిన చెక్కు పారేయకండి, పచ్చడి అవుతుంది.

తెల్లగా రాలేదు

పోపు మాడితే గోధుమ రంగు, పసుపు వేస్తే పచ్చన, ఇనప మూకుట్లో అరటికాయ వండితే నల్లన. ఇది రుచికి పెద్ద నష్టం కాదు. తెల్లగానే కావాలంటే స్టీలు లేదా నాన్‌స్టిక్ గిన్నె వాడండి, మినప్పప్పు దోరగా వేగగానే ముక్కలు వేసేయండి.

అమెరికాలో వండుతుంటే

అక్కడి మావాళ్ళు అడిగేవి రెండు. ఫ్రోజెన్ బీరకాయ ముక్కలు కరిగాక చాలా నీరు వదులుతాయి. మూత పెట్టకుండా, కాస్త పెద్ద మంట మీద ముందు ఆ నీటిని ఇగరగొట్టండి. పాల బదులు హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం మీగడ కలిపి అమ్మేది) వాడితే వెన్న ఎక్కువ కాబట్టి చిక్కగా వస్తుంది, విరిగే భయమూ తక్కువ, అరకప్పు చాలు. లాక్టోజ్ లేని పాలు తియ్యగా ఉంటాయి, మీరు చిటికెడు పంచదార వేసే అలవాటుంటే ఆ రోజుకి మానేయండి. బాదం పాలతో నేను చేసిన కూర మళ్ళీ చేయలేదు, అంతే చెప్పగలను.

చల్లారాక ముద్దయింది

ఉడికిన బియ్యప్పిండి చల్లారేకొద్దీ బిగుస్తుంది. అందుకే కావలసినదానికన్నా కొంచెం జారుగా ఉండగానే దించాలి. ఇది లంచ్ బాక్స్ కూర కాదు, ఎండాకాలంలో మూత బిగించిన డబ్బాలో మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు రెండు చెంచాల పాలు కలిపి సిమ్‌లో వేడి చేయండి. మైక్రోవేవ్‌లో అయితే అర నిమిషానికోసారి తీసి కలుపుతూ ఉండాలి.