బీఆర్‌జెడ్‌కి హెడర్ వేయాలనుకుంటే, స్పానర్ పట్టే ముందు వారం రోజుల పని

నా కారు 2015 సుబారు బీఆర్‌జెడ్, మాన్యువల్ గేర్, ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పోయిన ఏడాది దీనికి హెడర్, అంటే ఇంజిన్ సిలిండర్ల నుంచి పొగని బయటికి తీసుకెళ్ళే మొదటి పైపుల సెట్, మార్చాను, తర్వాత ఇక్కడే ఉండే ఇంకో ఇద్దరు తెలుగు ఫ్రెండ్స్ కార్లకి కూడా నేను పక్కనుండి చేయించాను. మూడుసార్లూ నాకు అర్థమైంది ఒకటే, హెడర్ విప్పి పెట్టడం ఒక శనివారం పని, కానీ ఆ శనివారం సాఫీగా గడవాలంటే అంతకుముందు వారం రోజులు మనం ఏం చేశాం అన్నదే ముఖ్యం. అందుకే బోల్టులు ఎలా విప్పాలి అన్నదానికంటే ముందు రెడీ అవడం గురించే ఎక్కువ రాస్తున్నా. టొయోటా 86, సయాన్ ఎఫ్ఆర్-ఎస్ కూడా లోపల ఇదే బండి కాబట్టి 2013 నుంచి 2020 వరకు మోడల్స్ ఉన్నవాళ్ళందరికీ పనికొస్తుంది.

ముందు అసలు ఎందుకు మారుస్తున్నామో క్లియర్‌గా ఉండాలి. ఈ కార్లో ఉన్నది ఎఫ్ఏ20 ఇంజిన్, 2 లీటర్ల బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే రకం), కంప్రెషన్ (సిలిండర్లో గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని ఎంత నొక్కుతుందన్న నిష్పత్తి) 12.5. 200 హార్స్‌పవర్ అని రాసుంటుంది కానీ నడిపిన ప్రతివాడికీ తెలుసు, 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్యలో టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గుంటలో పడ్డట్టు పడిపోతుంది, హైవే మీద ర్యాంప్ ఎక్కేటప్పుడు మూడో గేర్లో సరిగ్గా అక్కడే ఉంటాం, కాలు నొక్కినా కారు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. మంచి హెడర్, దానికి తగ్గ ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చడం) రెండూ కలిపితే ఆ గుంట చాలావరకు పూడుతుంది. ఇక్కడ రెండూ కలిపితే అన్న మాట గట్టిగా పట్టుకోండి, ట్యూన్ లేకుండా హెడర్ ఒక్కటే వేస్తే సౌండ్ మారుతుంది గానీ మీరు పెట్టిన డబ్బుకి తగ్గ ఫలితం రాదు.

హెడర్ కొనేటప్పుడు మొదటి ప్రశ్న ఈక్వల్ లెంగ్తా అన్‌ఈక్వల్ లెంగ్తా. నాలుగు సిలిండర్ల నుంచి వచ్చే పైపులు ఒకే పొడవు ఉంటే ఎగ్జాస్ట్ పల్స్‌లు సమానంగా గ్యాప్ ఇచ్చుకుంటూ వస్తాయి, పైన ఆర్‌పీఎంలో పవర్ బాగుంటుంది, సౌండ్ నున్నగా ఉంటుంది. పొడవులు వేరువేరుగా ఉంటే పాత సుబారుల్లో వినిపించే ఆ గుడగుడ వస్తుంది, చాలామంది దానికోసమే కొంటారు, తప్పేం లేదు, కానీ పవర్ కోసం అయితే ఈక్వల్ లెంగ్తే తీసుకోండి. నేను అదే తీసుకున్నా.

రెండో ప్రశ్న క్యాట్, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన కార్లో ప్రైమరీ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విష వాయువుల్ని తగ్గించే భాగం, దీన్నే క్యాట్ అంటాం) స్టాక్ హెడర్లోనే, అంటే కంపెనీ ఇచ్చినదాన్లోనే ఉంటుంది, అంటే క్యాట్ లేని హెడర్ వేస్తే ఆ క్యాట్ తీసేసినట్టే. అమెరికాలో రోడ్డు మీద నడిపే కారుకి అది ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు, స్టేట్ ఏదైనా సరే. కాలిఫోర్నియాలో ఇంకా గట్టిగా ఉంటారు, ఆ పార్ట్‌కి ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ ఇచ్చిన ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే అనుమతి) నంబర్ ఉండాలి, స్మాగ్ చెక్‌లో (పొగ పరీక్షలో) కింద నుంచి కంటితో కూడా చూస్తారు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కదా అని కొంతమంది ధైర్యంగా ఉన్నారు, కానీ మా కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది. క్యాట్ లేకపోతే పీ0420 (క్యాట్ సరిగ్గా పనిచేయట్లేదన్న) కోడ్ పడి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, టెస్ట్ అక్కడే పోతుంది. వాసన సంగతి వేరే చెప్పాలా, సిగ్నల్ దగ్గర అద్దం దించితే కళ్ళు మండుతాయి, వెనక సీట్లో పిల్లల్ని ఎక్కించుకోవాలనిపించదు. అందుకే నేను చెప్పేది హై ఫ్లో క్యాట్ (పొగని తేలిగ్గా పోనిచ్చే రకం) ఉన్న హెడర్, మీ స్టేట్‌లో చెల్లేది, రెండు మూడు వందల డాలర్లు ఎక్కువైనా పర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు మన దగ్గర కూడా ఇలా చేయొచ్చా అని అడిగాడు, ఈ కారు ఇండియాలో అఫీషియల్‌గా అమ్మనేలేదు, పైగా అక్కడ మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెక్ మార్చి రోడ్డెక్కితే ఇబ్బందే, కాబట్టి రూల్స్ చూసుకోకుండా డబ్బు పెట్టొద్దని చెప్పాను.

బాక్స్ ఇంటికి రాగానే వెంటనే విప్పి చూడండి, శనివారం దాకా గరాజ్‌లో మూల పడేయొద్దు. నా మొదటి హెడర్ ఒక ఆన్‌లైన్ షాపులో చవగ్గా వచ్చిందని కొన్నా, ఫ్లాంజ్ (ఇంజిన్‌కి ఆనించి బిగించే చదును పలక) మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెనకనుంచి టార్చ్ వేస్తే మధ్యలో వెలుగు సన్నగా కనిపించింది, అంటే వెల్డింగ్ వేడికి వంగిపోయింది. అది అలాగే బిగిస్తే గాస్కెట్ (జాయింట్ మధ్యలో పెట్టే సీల్) ఎంత మంచిదైనా లీక్ తప్పదు. ముందే చూశా కాబట్టి రిటర్న్ చేయగలిగా, అదే కారు స్టాండ్ల మీద ఉండగా చూసుంటే సోమవారం ఆఫీసుకి ఊబర్లోనే. ఫ్లాంజ్ తర్వాత పైపుల లోపల వేలు పెట్టి వెల్డ్ ముద్దలు లోపలికి పొడుచుకొచ్చాయేమో చూడండి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ పెట్టే రంధ్రాల మరలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి, అవి ఎం18 బై 1.5 మర. లోపల ఇనుప రజను, ప్యాకింగ్ ముక్కలు ఉంటాయి, కంప్రెస్డ్ గాలితో ఊదేయండి, లేకపోతే అవన్నీ పోయి కొత్త క్యాట్‌లోనే కూర్చుంటాయి.

గాస్కెట్లు మాత్రం సుబారు డీలర్ దగ్గర ఒరిజినల్‌వే కొనండి. హెడర్‌తో పాటు వచ్చే పల్చటి రేకు గాస్కెట్లు చూస్తే నాకు నమ్మకం కలగలేదు. హెడ్ (సిలిండర్లని మూసే భాగం) దగ్గర ఒక్కో పక్కకి ఒకటి, తర్వాత ఓవర్‌పైప్ (హెడర్ తర్వాతి పైపు) జాయింట్‌కి కావాల్సింది, వీటితో పాటు కొత్త నట్లు కూడా తీసుకోండి. పాతవి వేడికి ఏళ్ళ తరబడి కాలినవి, వాటిని మళ్ళీ వాడి మిగిల్చేది పది డాలర్లు కూడా ఉండదు.

ఇక స్టడ్లు, అంటే హెడ్‌లోంచి బయటికి ఉండి నట్లు ఎక్కే మరల కడ్డీలు. ఈ పనిలో గుండె దడ పుట్టించేది ఇదొక్కటే. నట్ తిరక్కుండా స్టడ్ విరిగితే ఒక్కరోజు పని వారమైపోతుంది, హెడ్ అల్యూమినియం కాబట్టి విరిగిన ముక్కని డ్రిల్ చేసి తీయడం అలవాటు లేనివాళ్ళు చేయాల్సింది కాదు. ఇక్కడ టెక్సాస్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు పెద్దగా చల్లరు కాబట్టి తుప్పు తక్కువే, మిషిగన్ నుంచో ఒహాయో నుంచో వచ్చిన కారైతే మాత్రం కింద నారింజ రంగులో పొరలు పొరలుగా ఉంటుంది. ఎలాంటి కారైనా శనివారం పని అనుకుంటే బుధవారం నుంచే మొదలెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కింద ప్లాస్టిక్ కవర్ విప్పి ప్రతి నట్ మీదా పీబీ బ్లాస్టర్ గానీ క్రోయిల్ గానీ, పట్టేసిన మరలు వదిలించే స్ప్రే నూనె కొట్టండి, మామూలు డబ్ల్యూడీ 40 ఈ పనికి అంతగా సరిపోదు. గురువారం ఒకసారి, శుక్రవారం రాత్రి ఇంకోసారి. మధ్యలో కారు వాడినా మంచిదే, వేడెక్కి చల్లారే కొద్దీ నూనె మరల్లోకి దిగుతుంది, కాకపోతే కొట్టిన వెంటనే స్టార్ట్ చేయొద్దు, అది మండే పదార్థం, పొగ కూడా వస్తుంది. ఇంకో మాట, శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ వాడితే నాన్ క్లోరినేటెడ్ అని డబ్బా మీద ఉన్నదే వాడండి. క్లోరిన్ ఉన్నది బాగా వేడిగా ఉన్న లోహం మీద, మంట దగ్గర పడితే ఫాస్జీన్ అనే విష వాయువు పుట్టగలదు, ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు, నిజంగా ప్రాణాల మీదకొచ్చే విషయం.

విప్పేటప్పుడు నట్ కొంచెం తిరిగి మళ్ళీ పట్టేసినట్టుంటే బలం పెట్టి లాగొద్దు, వెనక్కి కొంచెం బిగించి, మళ్ళీ నూనె కొట్టి, మళ్ళీ విప్పండి, అలా ముందుకీ వెనక్కీ. కొన్నిసార్లు నట్‌తో పాటు స్టడ్ మొత్తం బయటికొచ్చేస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు, రెండు నట్లు ఒకదానికొకటి బిగించి స్టడ్‌ని తిరిగి పెట్టేయొచ్చు.

బాక్సర్ ఇంజిన్ వల్ల మనకున్న అదృష్టం ఏంటంటే ఎగ్జాస్ట్ పోర్టులు కిందికి చూస్తుంటాయి, హెడర్ ఇంజిన్ పొట్ట కిందే ఉంటుంది, పైనుంచి చేతులు దూర్చి గోకించుకోవాల్సిన పని తక్కువ. కానీ దానర్థం పనంతా కారు కిందే అని కూడా. కాబట్టి కారు ఎత్తడం మీద పిసినారితనం చూపించొద్దు. ముందు భాగం తక్కువ ఎత్తు కాబట్టి లో ప్రొఫైల్ జాక్ కావాలి, నాలుగు మంచి జాక్ స్టాండ్లు కావాలి, ఎత్తాల్సింది మాన్యువల్‌లో చూపించిన చోట్లే. నాలుగు చక్రాలూ ఎత్తాక కారుని పక్కనుంచి గట్టిగా ఊపి చూడండి, అప్పుడు కదిలితే నయం, మీరు కిందున్నప్పుడు కదలకూడదు. తీసిన టైర్లు కూడా కారు అంచు కిందకి తోసేయండి, అదొక అదనపు భరోసా. ఒక్కరే ఎప్పుడూ చేయొద్దు, హెడర్ బరువు పెద్దగా లేకపోయినా కింద పడుకుని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నట్ ఎక్కించడం కష్టం, ఇంట్లో ఎవరో ఒకరికి మీరు కారు కిందున్నారని తెలియాలి కూడా. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు లీజ్ ఒకసారి చదవండి, చాలా చోట్ల పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకోరు, గరాజ్ ఉన్న ఫ్రెండ్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

సామాన్ల విషయానికొస్తే 10, 12, 14 సాకెట్లు, పొడుగు ఎక్స్‌టెన్షన్లు, ఒక తిరిగే జాయింట్, టార్క్ రెంచ్, తలకి పెట్టుకునే లైటు, కళ్ళద్దాలు. కళ్ళద్దాలు తప్పనిసరి, పైకి చూస్తూ పని చేస్తాం కదా తుప్పు నేరుగా కంట్లోకే రాలుతుంది. సెన్సర్లకి 22 ఎంఎం ఆక్సిజన్ సెన్సర్ సాకెట్ కావాలి, ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అద్దెకిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కొస్తుంది. నాకు బాగా కలిసొచ్చిన చిట్కా ఒకటి చెప్తా, సెన్సర్లు కారు కింద పడుకుని విప్పడానికి కుస్తీ పట్టొద్దు, కనెక్టర్లు ఊడదీసి సెన్సర్లతో సహా పాత హెడర్‌ని కిందికి దించేసి, బల్ల మీద వైస్‌లో బిగించి విప్పండి, పది నిమిషాల్లో అయిపోతుంది. ముందుది ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్, వెనకది మామూలు ఆక్సిజన్ సెన్సర్, ఒకదాని చోట ఒకటి పనికిరాదు కాబట్టి విప్పగానే టేప్ మీద రాసి అంటించండి. తిరిగి పెట్టేటప్పుడు మర మీద మాత్రమే నికెల్ యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్ట్) కొంచెం రాయాలి, మొనకి తగిలితే సెన్సర్ పాడవుతుంది. కనెక్టర్లు విప్పే ముందు వైర్లు ఏ క్లిప్‌లోంచి ఎలా వెళ్తున్నాయో ఫోన్లో ఫొటోలు తీసుకోండి, తర్వాత ఆ వైరు కొత్త పైపుకి ఆనుకుంటే కరిగిపోతుంది.

కారు ఎత్తే ముందు ఇంకో రెండు పనులున్నాయి, వీటిని దాదాపు అందరూ మర్చిపోతారు. ఒకటి, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె) ఎంతుందో, ఏమైనా కోడ్స్ ఉన్నాయో రాసిపెట్టుకోండి. రేపు హెడర్ వేశాక ట్రిమ్ బాగా ప్లస్‌లోకి వెళ్తే అది ముందునుంచీ ఉందా కొత్తగా వచ్చిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. సెన్సర్ ముందు చిన్న లీక్ ఉన్నా పల్స్‌ల మధ్యలో బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది, సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అనవసరంగా పెట్రోల్ పెంచుతుంది, మొత్తం లెక్క తప్పుతుంది. రెండోది, ట్యూన్ ముందే సిద్ధం చేసుకోవాలి. ట్యూన్ ఎక్కించడానికి వాడేది ఈక్యూటెక్ అయినా ఓపెన్‌ఫ్లాష్ అయినా ట్యూనర్‌తో మాట్లాడి మీ హెడర్ ఏదో, మీ ఊళ్ళో దొరికే పెట్రోల్ ఏదో చెప్పండి. మాకిక్కడ 93 ఆక్టేన్ దొరుకుతుంది, కాలిఫోర్నియాలో బంకుల్లో మామూలుగా 91 వరకే, 93కి రాసిన ట్యూన్ 91 మీద నడిపితే ఈ 12.5 కంప్రెషన్‌కి నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలి ఇంజిన్‌ని దెబ్బతీయడం) మొదలవుతుంది. ఎమిషన్స్ టెస్ట్ దగ్గర పడి ఉంటే అది కూడా ముందే అవగొట్టేయండి, బ్యాటరీ తీసినా ట్యూన్ ఫ్లాష్ చేసినా రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్స్ భాగాల్ని కారు తనే పరీక్షించి పెట్టుకున్న రికార్డు) చెరిగిపోతాయి, మళ్ళీ రెడీ అవ్వాలంటే కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి.

శుక్రవారం రాత్రి నేను చేసేది, అట్టముక్కలు పరిచి సామాన్లు వరసగా పెట్టుకోవడం, సర్వీస్ మాన్యువల్‌లో మన ఇయర్‌కి ఇచ్చిన టార్క్ అంకెలు (ఒక్కో నట్ ఎంత బలంతో బిగించాలో) పెద్దగా రాసి గోడకి అంటించడం, ఫ్రిజ్‌లో నీళ్ళు పెట్టుకోవడం, మా గరాజ్ ఎండాకాలంలో మధ్యాహ్నం 12కే కొలిమిలా ఉంటుంది కాబట్టి ఆరింటికల్లా మొదలెడతాను. ఎక్కించేటప్పుడు అన్ని జాయింట్లూ ముందు చేత్తో వదులుగా ఎక్కించి, హెడ్ దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో టార్క్ చేసుకుంటూ వెనక్కి రండి.

అంతా అయ్యాక స్టార్ట్ చేసే ముందు గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి పైపులన్నీ తుడవండి. స్టెయిన్‌లెస్ మీద మన వేలిముద్రల జిడ్డు మొదటి వేడికే పెనం మీద మాడిన నూనె మరకలాగా కాలిపోయి ఎప్పటికీ ఉండిపోతుంది. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఫ్లాంజ్‌ల దగ్గర టిక్ టిక్ అని వినిపిస్తుందేమో వినండి. మొదట్లో కొంచెం పొగ వస్తుంది, అది స్ప్రే చేసిన నూనె కాలడం, పావుగంటలో పోవాలి, పోకపోతే ఇంజిన్ ఆయిల్ ఎక్కడైనా కారి పైపు మీద పడుతోందేమో చూడండి. పూర్తిగా వేడెక్కనిచ్చి, ఆపేసి, రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చెక్ చేయండి, ఓ వంద మైళ్ళ తర్వాత ఇంకోసారి. పాత హెడర్‌ని మాత్రం ఎవరు ఎంతిస్తామన్నా అమ్మొద్దు, ఆ క్యాట్ ఉన్న ముక్కని నూనె గుడ్డతో తుడిచి, విప్పిన నట్లు సంచిలో వేసి దానికే కట్టి అటకెక్కించండి, ఇల్లు మారి కాలిఫోర్నియా వెళ్ళాల్సి వచ్చినా, కారు అమ్మాల్సి వచ్చినా మొదట అడిగేది అదే.