పాత కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: గోడ మందం, కప్పు వంపు

కట్టడం వయసును, కట్టినవారి ఉద్దేశాన్ని అలంకారాలకన్నా ముందు గోడల్లో వెతకాలని మొదటి పాఠంలో చెప్పుకున్నాము. ఈ పాఠానికి ఉదాహరణగా మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఉన్న ఆంగ్లికన్ చర్చి సెయింట్ మేరీస్‌ను తీసుకుందాము. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ గవర్నరుగా ఉండగా, అక్కడి ఆంగ్లేయులు చందాలు వేసుకొని 1678 మార్చి 25న, అంటే మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగనాడు, దీని పని మొదలుపెట్టారు. ఆ పేరు అందుకే వచ్చింది. 1680 అక్టోబరులో ప్రతిష్ఠ జరిగింది.

ముందుగా కిటికీ దగ్గర నిలబడి గోడ మందాన్ని మూరతో కొలవండి. మూరకు 18 అంగుళాలు కనుక, ఇక్కడి బయటి గోడ రెండున్నర మూరలు దాటుతుంది, అంటే సుమారు 4 అడుగులు. ఇప్పుడు తల పైకెత్తండి. దూలాలూ వాసాలూ కనిపించవు. పొడవునా చీల్చిన పీపాలను బోర్లించినట్టు మూడు నడవల మీదా ఇటుక, సున్నాలతో కట్టిన వంపు కప్పు ఉంటుంది, దాని మందం దాదాపు 2 అడుగులు. సముద్రపు ఒడ్డునున్న కోట కాబట్టి ఫిరంగి గుండ్లకు తట్టుకోవాలనీ నిప్పంటుకోకూడదనీ ఇలా కట్టారు. అయితే వంపు కప్పు తన బరువును కిందికే కాక పక్కలకూ నెడుతుంది. నడిమి కప్పు ఇలా పక్కకు నెట్టే బలాన్ని, అంటే తోపును, పక్క నడవల కప్పులు కాస్తాయి, వాటి తోపు చివరికి బయటి గోడల మీద పడుతుంది. అంత మందం ఫిరంగుల భయంవల్ల మాత్రమే వచ్చినది కాదని దీనితో తెలుస్తుంది.

గోపురం మాత్రం తరువాతి కాలంలో చేర్చినది. ఒకే కట్టడంలో రెండు కాలాలు ఉండవచ్చునని గుర్తుంచుకోండి. 1753లో క్లైవు పెళ్లి ఇక్కడే జరిగిందని చూపించేవారు తప్పక చెబుతారు గాని, ఆ సంగతి మన పనికి రాదు.

ఆవరణలో పరచిన సమాధి రాళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. 1652 నాటి రాయిని చూసి చర్చి అప్పటిదే అనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఆ రాళ్లు కోట బయటి పాత శ్మశానం నుండి తెచ్చినవి. లోపల ఉన్న థామస్ మన్రో సమాధి కూడా అటువంటిదే: ఆయన 1827లో పత్తికొండలో కలరాతో మరణించగా మొదట గుత్తిలో పాతిపెట్టి, 1831లో అవశేషాలను ఇక్కడికి తరలించారు.

అభ్యాసం: మీ ఊరి పాత చర్చిలోనో, మసీదులోనో, కోటలోనో కిటికీ వద్ద గోడను మూరతో కొలిచి, కప్పు చెక్కదో వంపుదో దాని పక్కనే రాసుకోండి. వచ్చే పాఠంలో సున్నపు గచ్చును పరిశీలించేటప్పుడు ఆ కొలతలు కావాలి.